సమీర్ పేరు మీద వచ్చిన ప్లేటు

టోలీచౌకీలోని ఆ చిన్న లెబనీస్ హోటల్లో వసుంధర హమ్మస్‌ను, అంటే ఆ శనగల ముద్దను, రెండుసార్లు వెనక్కి పంపింది. మూడోసారీ పచ్చిమిర్చి ఘాటే వచ్చింది.

"సమీర్ భాయ్, టైఫాయిడ్ తగ్గాక నోటికి ఏదీ హితవు కావడం లేదు. మీ అమ్మగారు చేసే హమ్మస్ ఒక్కటే తినాలనిపించింది. పుల్లగా, కారం లేకుండా ఉండేదే, అది," అంది హోటలు యజమానితో.

"నా చేతిలో ఏముంది మేడమ్? మీరు గుమ్మం దాటగానే ఇన్నేళ్లూ ఏం తిన్నారో వంటయంత్రానికి తెలిసిపోతుంది. దాన్ని బట్టే కలుపుతుంది. నేను చేత్తో కలిపితే లైసెన్సు పీకేస్తారు."

"ఏ హోటలుకెళ్లినా మా ఇంటి వంటే పెడుతున్నారు. దానికి ఇంత దూరం రావాలా?" వసుంధర విసుగ్గా ప్లేటు తోసేసింది. "మీ పేరు మీద తెప్పించండి. అందులోంచి తింటాను."

సమీర్ యంత్రం దగ్గరికెళ్లి తన పేరు చెప్పాడు. ప్లేటు వచ్చింది. ఇద్దరూ రొట్టె తుంచి ముంచుకున్నారు.

మళ్లీ పచ్చిమిర్చే.

"నేను పుట్టి పెరిగింది కూడా ఇక్కడే కదా," అన్నాడు సమీర్ తల దించుకుని.

"పోనీ, అమ్మగారి పేరు మీద?"

"యంత్రం రాకముందే అమ్మ పోయింది."

వసుంధర బ్యాగు తీసుకుని లేవబోయింది. సమీర్ ఎదురు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"కాసేపు ఉండండి మేడమ్. అది ఎలా ఉండేదో ఇంకొంచెం చెప్పండి. నాకు గుర్తు రావడం లేదు."