రెండు బటన్లు

"ప్రమాదాలు లేవు, కాబట్టి పోస్టులూ లేవు," అన్నాడు గుమాస్తా ఫైలు మూసేస్తూ.

"అదేంటి బాబూ! మా అమ్మాయి సేఫ్టీ ఇన్‌స్పెక్టర్ పరీక్షలో ఫస్టొచ్చింది. ఏడాదిగా చెప్పులరిగేలా తిరుగుతున్నాం," అన్నాడు తండ్రి.

"ఫస్టొస్తే ఏం లాభం పెద్దాయనా? ఫ్యాక్టరీలన్నీ చల్లగా ఉన్నాయి, ఇన్‌స్పెక్టర్లు దేనికని పైవాళ్లు అడుగుతున్నారు. నెలాఖరుకి మీ లిస్టు రద్దు. ఎక్కడైనా ఒక్క పెద్ద ప్రమాదం జరిగిందనుకోండి, ఫైలు దానంతటదే పరిగెడుతుంది."

ప్రమాదాలు ఆపడానికి పెట్టిన ఉద్యోగానికి ప్రమాదమే సిఫార్సు చెయ్యాలట! కూతురికి కళ్లనీళ్లు ఆగలేదు. వయసు నిబంధన ప్రకారం ఆమెకిదే ఆఖరి ఏడాది.

"ఏడవకే పిచ్చిదానా, ఏదో ఒకటి అవుతుందిలే," అన్నాడు తండ్రి బస్సులో.

నాలుగో రోజున ఆయన పనిచేసే డబ్బా మూతల ఫ్యాక్టరీ నుంచి కబురొచ్చింది. ఆయన ఎడమచెయ్యి రేకును మూతలుగా నొక్కే ప్రెస్సులో నలిగి నాలుగు వేళ్లు పోయాయి.

పేపర్లో పడింది. పైనుంచి ఫోన్లు మోగాయి. వారం తిరక్కుండా ఆమె చేతికి ఆర్డరొచ్చింది. సంతోషించాలో ఏడవాలో తెలియక ఏడ్చింది.

"నీ మొదటి కేసు ఇదే," అన్నాడు పెద్ద ఆఫీసరు.

"అది మా నాన్నే సార్."

"అయితే ఇంకా శ్రద్ధగా రాస్తావు. వెళ్లు."

అది పాతకాలపు ప్రెస్సు. దానికి రెండు బటన్లు. రెండు చేతులతో రెండూ ఒకేసారి నొక్కితేనే అచ్చు కిందికి దిగుతుంది. చేతులు రెండూ బటన్ల మీదుంటే లోపలికెలా వెళ్తాయి? కానీ ఎడమ బటన్ని ఎవరో నొక్కిపెట్టి, టేపు చుట్టేశారు. పని తొందరగా తెమలాలని చాలాచోట్ల చేయించే పాడుపనే అది. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"ఎవరు చుట్టమన్నారు?"

"నేను కాదమ్మా, ఒట్టు!" అన్నాడు సూపర్‌వైజర్ చేతులు జోడించి. "ఎవరైనా చుడితే మీ నాన్నే పీకి పారేసి, నన్నూ నాలుగు తిట్టేవాడు."

అబద్ధానికైనా హద్దుండాలి అనుకుంది. రిపోర్టులో కారణం దగ్గర ఖాళీ వదిలి ఆస్పత్రికి వెళ్లింది. కూతుర్ని చూడగానే తండ్రి కట్టు కట్టిన చేతిని దుప్పటి కింద దాచుకున్నాడు.

"నాన్నా, నువ్వేం భయపడకు. ఎంతటివాడి పేరైనా సరే రాసిపారేస్తాను. ఆ బటన్‌కి టేపు చుట్టిందెవరు?"

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"నేనేనమ్మా. ఇంతకీ ఉద్యోగం పర్మనెంటేగా?"