రెండో డ్రైవర్ దేవదాస్

పోశమ్మను చంపింది లారీ డ్రైవర్.

గేటు దగ్గరికి వచ్చిన ప్రతివాడికీ వెంకటయ్య ఆ మాట చెప్పేవాడు. అడిగినా, అడగకపోయినా.

రెండేళ్ల కింద, వానాకాలం. పొద్దున ఎనిమిదింటికి, సూరత్ శివారులోని సచిన్ చౌరస్తాలో. చీరల పోగులు కత్తిరించే పనికి నడిచి పోతున్న అతని భార్యను గుద్ది, లారీ ఆగలేదు. ఆ వానలో నంబరు ఎవరికీ కనబడలేదు. ఆ దారిలో వందల లారీలు తిరుగుతాయి. పోలీసులు ఆరు నెలలు తిప్పి ఫైలు మూసేశారు.

వెంకటయ్య సిరిసిల్ల వైపు నుంచి మగ్గాల పనికి సూరత్ వచ్చినవాడు. మగ్గాల చప్పుడుకు చెవులు మందగించాక ఒక ట్రాన్స్‌పోర్టు యార్డులో గేటు పని దొరికింది. ఐదేళ్లుగా అదే పని. లారీ లోపలికి వచ్చిన టైము, బయటికి పోయిన టైము, డ్రైవర్ల పేర్లు రాసి సంతకాలు పెట్టించుకోవాలి.

పోశమ్మ పోయాక గేటు ఎత్తే ముందు ప్రతి డ్రైవర్‌నూ ఒకటే అడిగేవాడు.

"ఈసారి ఎంతమందిని గుద్దినవ్?"

కొందరు నవ్వేవారు. కొందరు తిట్టేవారు. లింగం ఒక్కడే తల దించుకునేవాడు.

రిజిస్టర్‌లో ప్రతి లారీకి రెండు పేర్లు ఉండాలి. దూరం పోయే బండికి ఇద్దరు డ్రైవర్లని చెప్పి యార్డు యజమాని సేఠ్ కిరాయి తీసుకుంటాడు. ఎక్కేది ఒక్కడే. రెండో పేరు ఏం రాయాలని మొదటి రోజే వెంకటయ్య అడిగాడు. ఏదో ఒకటి రాయమన్నాడు సేఠ్.

దేవదాస్ అని రాశాడు.

అప్పటి నుంచి దేవదాస్ ప్రతి లారీ ఎక్కాడు. ఒకే పొద్దున చెన్నైకీ పోయాడు, లుధియానాకూ పోయాడు. ఎవరూ పట్టించుకోలేదు.

ఈ ఎండాకాలం డ్రైవర్లు బండ్లు ఆపేశారు. బత్తా పెంచాలన్నారు. పేరుకు కాదు, నిజంగా రెండో మనిషిని ఇవ్వాలన్నారు. నలభై లారీలు యార్డులో నిలబడిపోయాయి.

లేబర్ ఆఫీసరు రేపు వస్తాడనగా లింగం గేటు గదికి వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి, నలభై దాటిన వయసు. ఎప్పటిలాగే చెప్పులు బయట విడిచాడు. లోపల గోడకు పోశమ్మ ఫొటో ఉంది. గుడికి పోతున్నావా అని తోటి డ్రైవర్లు ఎగతాళి చేసేవారు. వెంకటయ్యకు అదంతా నాటకంలా ఉండేది.

లింగం అడిగింది ఒక్కటే. పాత రిజిస్టర్, నీలం అట్టది. నూట పన్నెండో పేజీ.

"ఆ ఒక్క పేజీ ఆఫీసరు ముందట జర తియ్యి కాకా. మిగిలింది నేను చెప్త."

"ఏమున్నది అండ్ల?"

"నా సంతకం ఉన్నది. దేవదాస్ సంతకం గూడ నేనే పెట్టిన."

"అన్ని పేజీలల్ల గదే ఉన్నది. ఆ పేజీకేమన్న కొమ్ములు మొలిచినయా?"

లింగం ఫొటో వైపు చూశాడు.

రిజిస్టర్ బయటపడితే ముందు పోయేది వెంకటయ్య ఉద్యోగమే. రాసిన చెయ్యి అతనిది. ఆ మాట పైకి అనలేదు.

"మీకు నిద్ర కావాల్నా? పోశమ్మను గుద్దినోడు ఎక్కడ్నో కమ్మగ పండుకుంటుండు. మీరు గిట్లనే సావుండ్రి."

"పండుకుంటలేడు కాకా," అన్నాడు లింగం.

చెప్పులు చేత పట్టుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు ఆఫీసరు, రెండో డ్రైవర్లు ఉన్నారా అని అడిగాడు. ఉన్నారన్నాడు వెంకటయ్య. కొత్త రిజిస్టర్ పైపైన తిప్పి చూపించాడు. లింగం లేచి ఏదో చెప్పబోతే రుజువేదని ఆఫీసరు అడిగాడు. లింగం వెంకటయ్య వైపు చూశాడు. వెంకటయ్య గేటు వైపు చూశాడు.

సేఠ్ బత్తా వంద రూపాయలు పెంచాడు. సమ్మె అయిపోయింది. రెండో మనిషి సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

లింగాన్ని సిలిగురి పంపారు. అక్కడి నుంచి రాగానే, ముఖం కడుక్కోనివ్వకుండా నాగపూర్ బండి ఎక్కించారు. వెంకటయ్య రెండు పేర్లు రాశాడు. లింగం రెండు సంతకాలు పెట్టాడు.

మర్నాడు మధ్యాహ్నం గేటు ఫోను మోగింది. నాగపూర్ దారిలో ధూళే అవతల, ఆగి ఉన్న ట్రాలీ కిందికి లారీ దూరిపోయిందట. పోలీసు హిందీలో నిదానంగా చెప్పాడు. బండిలో దొరికిన గేటు చిట్టీలో రెండు పేర్లున్నాయి, దొరికింది ఒక్క శవమే. పొద్దుటి నుంచి ఊరివాళ్లు చేలల్లో వెతుకుతున్నారు. దేవదాస్‌కు ఇంకా ప్రాణం ఉంటే నీళ్ల కోసం ఎటో పాకి ఉంటాడు. వయసెంత? ఏ రంగు అంగీ వేసుకున్నాడు?

వెంకటయ్య ఫోను పెట్టేశాడు. అది మళ్లీ మోగింది. ఎత్తలేదు.

సాయంత్రం సేఠ్ పాత రిజిస్టర్లు కాల్చేయమన్నాడు. నీలం అట్టది చేతికొచ్చింది. నూట పన్నెండు తీశాడు.

తేదీ చదివాడు. తలెత్తి ఫొటో కింద రాసిన తేదీ చూశాడు. రెండూ ఒకటే.

చెన్నై నుంచి లోపలికి, ఏడు పది. ఇంకో లారీలో బయటికి, ఏడు నలభై. డ్రైవర్ లింగం. రెండో డ్రైవర్ దేవదాస్. యార్డు నుంచి చౌరస్తాకు లారీలో ఇరవై నిమిషాలు. ఆ వానలో ఆ పొద్దున గేటు దాటింది అదొక్కటే బండి.

అక్షరాలు తనవే. గేటు ఎత్తింది తనే.

ఆ పేజీ చించి, మంటలో మొదట దాన్నే వేశాడు.

పోశమ్మను ఎవరు చంపారో వెంకటయ్య ఆ తర్వాత ఎవరికీ చెప్పలేదు. ఎవరడిగినా ఇక చెప్పడు.