మనిషి దిగిన మంచం

“మంచం అమ్ముతవా, అమ్మవా? ఒక్క మాట చెప్పన్నా.”

“అమ్ముత. కాకపోతే దానిమీద నేనున్న గద,” అన్నాడు అనంతయ్య, బీడీ కొసను గోడకు నలిపి.

ఇస్రాయేలు తల గోక్కున్నాడు. తెలకపల్లి చుట్టుపక్కల ఊళ్లు తిరిగి, పాత సామాన్లకు ఫోన్‌తో ఫొటో తీసి, నాగర్‌కర్నూల్‌లో దినేష్ నడిపే నెట్ సెంటర్ నుంచి అమ్మకానికి పెట్టడం అతని వ్యాపారం. బేరం కుదిరాకే సరుకు కొంటాడు. అందుకే నష్టమంటే ఇంతవరకూ తెలియదు. పల్లెలో మూలన పడ్డ గంగాళం పట్నంలో హాలు నడుమ కూర్చుంటుందని ఈ ప్రాంతంలో మొదట కనిపెట్టింది తానేనని అతని నమ్మకం.

అనంతయ్య టేకు పట్టెమంచాన్ని కూడా అట్లాగే పెట్టాడు. ఆయన లేవనంటే మనిషితో సహా ఫొటో తీశాడు.

“మనిషిని గూడ అమ్ముతున్నవా?” అని అప్పుడు దినేష్ నవ్వాడు.

“ఆయనను ఊకె ఇచ్చినా ఎవరూ తీస్కపోరు.”

వారం తిరగకుండానే హైదరాబాద్ నుంచి సుహాసిని అనే ఆవిడ మెయిలు పంపింది. మంచం బాగా నచ్చిందట. పదిహేను వేలిస్తుందట. దినేష్ చదువుతుంటే ఇస్రాయేలు మనసులో అప్పుడే పాత మోపెడ్ ఒకటి కొనేసి, తన సైకిలును ఫొటో తీసి అమ్మకానికి పెట్టేశాడు.

“ఆగు, ఇంక ఉన్నది,” అన్నాడు దినేష్. “వాళ్ల వాస్తు పంతులు చెప్పిండంట. జబ్బు మనిషి కిందికెల్లి గుంజుకున్న మంచం ఇంటికి అరిష్టమంట. సచ్చినోళ్లది అసలే వద్దంట. పండుకున్నాయన తన కాళ్లమీద దిగి, గడప దాటి నడిచిపోతేనే కొంటరంట. నడిచిన ఫొటో పంపాల్నంట.”

“ఇదేం వాస్తు?”

“పదిహేను వేల వాస్తు.”

ఇప్పుడు చిక్కంతా అనంతయ్యతోనే. చలికాలంలో ట్రాక్టర్ మీది నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఎముక అతుక్కుంది, ఇక నడవాలని దవాఖానలో ఎప్పుడో చెప్పారు. అనంతయ్య ఒప్పుకోలేదు. అన్నం మంచం దగ్గరికే వస్తున్నది. చుట్టాలు మంచం దగ్గరికే వస్తున్నారు. పొలం గట్ల తగాదాలు కూడా తీర్పు కోసం మంచం దగ్గరికే వస్తున్నాయి. నడిచే రోజుల్లో ఆయనకు ఇంత మర్యాద ఎన్నడూ జరగలేదు.

“అతికిందని డాక్టర్‌కు తెల్సు. నా కాలుకు తెల్వదు,” అనేవాడు.

ఆయన భార్య రాములమ్మ ఇస్రాయేలుకు చల్ల గ్లాసు అందించింది. “మిరుగం కార్తె వచ్చె, విత్తనాలు పడాలె. ఈయన లేవకుంటె ఈ ఏడు భూమి బీడే. కౌలుకు ఇద్దమంటె ఒప్పడు, తాను చెయ్యడు. చెప్పి చెప్పి నా నోరు అరిగింది. నీ తంటా నువ్వు పడు.”

“నేను లేపుత వదినె, చూడు.”

మర్నాటి నుంచి ఇస్రాయేలు ఊళ్లు తిరగడం మానేశాడు. పొద్దున్నే గుడ్లు పట్టుకొచ్చి, నువ్వుల నూనెతో కాలు మర్దన చేసేవాడు. కన్నతండ్రికి కూడా అతను అంత సేవ చేయలేదు. పాపం, ఆయన మంచానికి గిరాకీ లేదు.

“ఒక్క అడుగన్నా.”

“నీకేంది తొందర? కాలు నీదా?”

“మంచం నాది కాబోతున్నది గద.”

“మంచం కోసం మనిషిని నిలవెట్టేటోన్ని నిన్నే చూస్తున్న. సరే, ఒట్టి కాళ్లతోని నడుస్తరా ఎవరన్న? చెప్పులు తే.”

కొత్త చెప్పులొచ్చాయి. చేతికర్ర వచ్చింది. బలానికి నాటుకోడి కూడా వచ్చింది. కోడి తిని అనంతయ్య అటు తిరిగి పడుకున్నాడు. త్వరగా తేల్చకపోతే వేరే మంచం చూసుకుంటానని సుహాసిని ఇంకో మెయిలు పంపింది.

ఆ సాయంత్రం ఇస్రాయేలు మంచం కోడు పక్కన చతికిలబడ్డాడు. “ఇగ నేను రాను అన్న. శాంతయ్య చెప్పిందే నిజమైంది.”

“ఏం చెప్పిండు వాడు?”

“హోటల్ కాడ అందరి ముంగట అంటుండు. అనంతయ్య ఇగ లేవడు, రాములమ్మను ఒప్పించి భూమి నేనే కౌలుకు పడ్త, అని.”

అది అప్పటికప్పుడు అల్లిన అబద్ధం. గట్టు పక్క చేను శాంతయ్య ఈ మధ్యనే వలస పోయి పుణెలో ఉన్నాడు, ఆ కబురు ఒక్కటే ఇంకా మంచం దగ్గరికి రాలేదు.

“ఎవని భూమి ఎవడు పడ్తడు?” అంటూ అనంతయ్య లేచాడు. కర్ర మరిచాడు, చెప్పులు మరిచాడు, నొప్పి కూడా మరిచాడు. కొంచెం కుంటుతూ గడప దాటి బజారున పడ్డాడు. వెనక ఇస్రాయేలు ఫోన్ పట్టుకుని ఫొటోలు తీస్తూ పరుగెత్తాడు. రాములమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తూ నిలబడింది.

శాంతయ్య హోటల్లో దొరకలేదు. అంతదూరం వచ్చినవాడు ఊరికే తిరిగిపోతే నామోషీ అని అనంతయ్య పొలం దాకా పోయాడు. మోకాలెత్తు గడ్డి చూసి నోటికొచ్చినట్టు తిట్టాడు. తెల్లారి ఎవరూ చెప్పకుండానే అరక కట్టాడు.

మంచానికి ముందే అనుకున్న మాట ప్రకారం ఇస్రాయేలు నాలుగు వేలు రాములమ్మ చేతిలో పెట్టి, మంచాన్ని ఆటో మీద కట్టుకుని నాగర్‌కర్నూల్ చేరాడు. ఫొటోలు పంపించాడు. జవాబు లేదు. మళ్లీ పంపించాడు. జవాబు లేదు.

“వాస్తు పంతులు మారిండేమో,” అన్నాడు దినేష్, కంప్యూటర్ మీది నుంచి చూపు తిప్పకుండా.

హైదరాబాద్‌ను దాని గల్లీలతో సహా తిట్టి, ఇస్రాయేలు మంచాన్ని పెద్దరోడ్డు మీది దాబా అతనికి అమ్మేశాడు. మోపెడ్ రాలేదు గానీ, గుడ్లు, కోడి, చెప్పుల ఖర్చు పోను సైకిలుకు రెండు కొత్త టైర్లు వచ్చాయి.

అనంతయ్య చేను మొలిచింది. ఎరువు కోసం నాగర్‌కర్నూల్ వచ్చిన రాములమ్మ, సంచి గుమ్మం దగ్గర దించి, నెట్ సెంటర్‌లో దినేష్ పక్క కుర్చీలో కూర్చుని చెంగుతో చెమట తుడుచుకుంది.

“మనం పుట్టించిన సుహాసినిని ఇగ తీసెయ్ బిడ్డా,” అన్నది.