ఐదక్షరాల మాట

"ఇంగ్లీషు మాట, ఐదక్షరాలు. అందులో ఓ ఉండాలి, యు ఉండాలి. అర్థం, కలిపి పెట్టిన పిండి ముద్ద," అంది కొత్తావిడ.

బేకరీ ఆయన గడ్డం గోక్కున్నాడు. "రౌండ్?"

"ముద్ద గుండ్రంగా ఉంటుందనా? భలేవారండీ!" ఆవిడ పకపకా నవ్వింది.

కిటికీ పక్కన కూర్చున్న టీచరమ్మకు ఒళ్ళు మండిపోయింది. డి, ఓ, యు, జి, హెచ్. డో! తెల్లారి లేస్తే మోచేతుల దాకా ఆ పిండిలోనే ఉంటాడు ఈ మనిషి. ఆ మాట తెలియదా? తెలియనట్టు నటించి, ఆవిడగారి చేత చెప్పించుకోవాలని సరదా!

"అక్కా, మీకు వచ్చా?" కొత్తావిడ తల తిప్పి తియ్యగా అడిగింది.

టీచరమ్మ మొహం గోడ వైపు తిప్పుకుంది.

స్కూల్లో ఇంగ్లీషు చెప్పిన మనిషి కాబట్టి వీధి వీధంతా ఆమెను టీచరమ్మ అనే అంటారు. బేకరీ నడిపే భర్త పిలుపూ అదే. అసలు ఈ ఆట వాళ్ళిద్దరిది. పెళ్ళైన కొత్తలో ఆమే నేర్పింది. మధ్యాహ్నం బ్రెడ్డు ట్రేలు చల్లారుతూ ఉంటే, బేకరీ వెనక గదిలో టీ తాగుతూ ఆడేవారు. అక్షరాలు, అర్థం ఆమె చెప్పాలి. మాట అతను వెతకాలి. ఓడిన వాళ్ళు కప్పులు కడగాలి. ఎన్నేళ్ళు కడిగాడో పాపం, ఒక్కనాడూ విసుక్కోలేదు.

ఇప్పుడు ఆ గదిలోకి ఈవిడ వచ్చింది. "వీధి చివర కొత్తగా దిగిందట. ఈ ఆటంటే ప్రాణమట," అని ఒక్క ముక్క చెప్పి ఊరుకున్నాడు భర్త. వచ్చిన మొదటిరోజే తిన్నగా వెళ్ళి టీచరమ్మ కుర్చీలో కూర్చుంది. లే అనలేదు ఆయన. పైగా ఆవిడ వచ్చే వేళకు పిండి చొక్కా విప్పేసి ఇస్త్రీ చొక్కా వేసుకుంటున్నాడు. కనుబొమల మీది పిండి కూడా దులుపుకుంటున్నాడు. భార్య చెబితే ఏనాడైనా దులుపుకున్నాడా?

"ఇంకోటి. క్యూతో మొదలు. చప్పుడు లేకపోవడం."

"క్వైట్!" అన్నాడు ఆయన. అని, ఎందుకో భార్య వైపు చూసి వెంటనే తల దించుకున్నాడు.

దించుకోక ఏం చేస్తాడు? తప్పు చేసే వాడికి కళ్ళెత్తి చూసే ధైర్యం ఎక్కడిది!

ఆట అయ్యాక టీ తెచ్చాడు. కప్పు భార్య ఎడమ చేతికిచ్చి, ఆమె రెండు గుక్కలు తాగేదాకా పక్కనే నిలబడ్డాడు. ఈ ప్రేమ ఒకటి కొత్తగా పుట్టుకొచ్చింది! టీచరమ్మ కప్పు పక్కకు నెట్టేసింది. టీ అంతా బల్ల మీద ఒలికింది. ఆయన గుడ్డ తెచ్చి తుడిచాడు. కొత్తావిడ మాత్రం ఆయనకేసి చూసి చిన్నగా తల ఊపింది. ఆ సైగ టీచరమ్మ కంట పడనే పడింది.

ఆవిడను సాగనంపడానికి ఆయన గుమ్మం దాకా వెళ్ళాడు. గొంతులు తగ్గించారు గానీ, ఈర్ష్య పడేవాళ్ళ చెవులు మామూలు చెవులా?

"తనకి అనుమానం వచ్చినట్టుందండీ," అన్నాడు ఆయన.

"రానివ్వండి."

"చూస్తుంటే నా గుండె తరుక్కుపోతోంది. ఇంకా ఎంతకాలం?"

"ఓపిక పట్టండి. ఇప్పుడు నిజం చెప్పేశారంటే, ఇంత కష్టమూ బూడిదలో పోసినట్టే."

టీచరమ్మకు కడిగి పారెయ్యాలని ఎన్ని మాటలు గొంతు దాకా వచ్చాయో! అన్నీ అక్కడే ఆగిపోయాయి. ఆ రాత్రి దిండు తడిసిపోయేలా ఏడ్చింది. భర్త తల నిమరబోతే చెయ్యి విదిలించి కొట్టింది.

మర్నాడు కొత్తావిడ మరీ హుషారుగా వచ్చింది. తలలో పువ్వు. టీచరమ్మ కప్పులోనే ఆవిడకు టీ పోసిచ్చాడు ఆయన.

"ఐదక్షరాలు. మధ్యలో ఐ, ఇ పక్కపక్కన ఉండాలి. అర్థం, పరాయి సొత్తు కాజేసే మనిషి."

"చీఫ్!"

"అక్షరాలు సరిపోయాయి గానీ అర్థం కుదరలేదు. చీఫ్ అంటే నాయకుడు కదండీ. ఆలోచించండి."

"నా వల్ల కాదు." ఆయన చేతులెత్తేశాడు. "నువ్వే చెప్పు, టీచరమ్మా."

టీచరమ్మా!

ఆ పిలుపు ఆమెది. కుర్చీ పోయింది, కప్పు పోయింది, ఆట పోయింది. ఆఖరికి ఆ పిలుపు కూడా ఈవిడకి ఇచ్చేశాడా?

ఊపిరి ఎగదన్నింది. పెదాలు వణికాయి. టీచరమ్మ చెయ్యెత్తి, వేలు సూటిగా కొత్తావిడ మొహానికి గురిపెట్టింది.

"థీ... థీఫ్!"

ఆయన చేతిలో ట్రే జారి బన్నులన్నీ నేల మీద దొర్లాయి.

కొత్తావిడ మొహం మాడిపోతుందని, విసవిసా వెళ్ళిపోతుందని అనుకుంది టీచరమ్మ. ఆవిడ వెళ్ళలేదు. కళ్ళు తుడుచుకుంటూ ఆ కుర్చీలోంచి లేచి, "చెప్పాను కదండీ, ఉడికిస్తే వస్తుందని! నా వైద్యం ఇంతేనండీ," అంది ఆయనతో.

ఆయనకు అదేమీ వినబడలేదు. భార్య ముందు మోకాళ్ళ మీద కూలబడి, ఆమె ఒళ్ళో తల పెట్టి వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు.

"ఇంకోసారి తిట్టు. నన్ను కూడా తిట్టు, టీచరమ్మా... ఇంకోసారి..."

పక్షవాతం వచ్చి నోరు పడిపోయాక ఆమె నోట వచ్చిన తొలి మాట అది.