హాజరు పిలిచే గోడ

శాస్త్రవేత్తల కోసమే సోషలిస్టు ప్రభుత్వం కట్టించిన మంచు ఊరది. రోజూ ఉదయం వంటింటి గోడ హాజరు పిలుస్తుంది. మూడు పిలుపులకీ పలక్కపోతే పేరు కొట్టేసి, ఇల్లు వేరేవాళ్లకి ఇస్తుంది.

కొత్త కాపురం కదా, విభాతకి అదీ ముచ్చటే. తన పేరుకీ, భర్త శ్రీకర్ పేరుకీ తనే పలికి నవ్వింది.

"యెగోర్!" అంది గోడ.

"ఇదివరకు ఇక్కడున్నాయన. ఎప్పుడో ప్రయోగశాలలో పోయాడట. ఇల్లు పోకుండా, మొన్న తను పోయేదాకా భార్యే పలికేదట," అన్నాడు శ్రీకర్. "నువ్వు పలక్కు. పేరు పోతుంది."

"యెగోర్!"

"నీ పేరయితే కొట్టెయ్యనిస్తానా?" అంది విభాత.

"పిచ్చిమొహమా, టీ తాగు."

మూడోసారి పిలిచేసరికి విభాత ఉండబట్టలేకపోయింది. "ఉన్నారండీ!"

గోడ ఊరుకుంది. లోపలి గదిలో ఎవరో, డ్యూటీకి వేళైనట్టు, బూట్లు తొడుక్కుంటున్న చప్పుడైంది.