వంపు గోడ

ఆఫీసులో అందరూ వెళ్లిపోయాక ఆమె ఆ ప్లాన్‌ను మళ్లీ తెరిచింది. వంపు తిరిగిన హాలు అది. గోడ వెంబడి మౌస్‌తో చుక్కలు పెట్టుకుంటూ చుట్టూ తిరిగొస్తే, లోపలి వైశాల్యం కంప్యూటరే చెబుతుంది. వంపు దగ్గర మాత్రం చుక్కలు ఒత్తుగా పెట్టాలి. మొదటిసారి కొలిచిన రోజు తన పాపకు జ్వరమని ఫోనొస్తే, ఆమె కంగారులో నాలుగు చుక్కలతో వంపును కోసేసి ఇంటికి పరుగెత్తింది. లెక్క తప్పింది. పై అధికారి అడిగినప్పుడు, "కొలిచింది బాబాయే సార్" అనేసింది. ఆమె పక్క సీట్లోనే ఈ కొలతల పని చేసే, అందరూ బాబాయ్ అని పిలిచే పెద్దాయనను మర్నాడే పనిలోంచి తీసేశారు. ఆయన అయోమయంగా చూసి వెళ్లిపోయాడు.

ఈ రాత్రి సరిగ్గా కొలిచి, పొద్దున్నే నిజం ఒప్పుకుందామనుకుంది. మౌస్ ముట్టుకోకముందే తెర మీద ఒక చుక్క పడింది. పక్కనే ఇంకొకటి. వంపు వెంట, ఓపిగ్గా, అచ్చం ఆయన పెట్టినట్టే.

ఆమె ఆయన ఇంటికి ఫోన్ చేసింది. ఆయన భార్య ఎత్తింది.

"పిన్నీ, బాబాయ్ ఏం చేస్తున్నారు?"

"పడుకున్నారమ్మా. ఎక్కడ పొరపాటు చేశానో అని ఒకటే బెంగ. నిద్రలో కూడా మంచం పట్టె మీద వేలితో కొడుతూనే ఉంటారు. ఇదిగో, విను."

ఫోన్‌లో టక్కుమంది. తెర మీద చుక్క పడింది.

"ఇంతకీ ఎందుకు చేశావమ్మా?"

ఆమె నోరు తెరిచింది. నిజం చెప్పడానికి సిగ్గేసింది. "ఊరికే, పిన్నీ" అంది.

అటువైపు చప్పుడు ఆగిపోయింది.

"లేచి కూర్చున్నారమ్మా" అంది పిన్ని మెల్లగా. "కళ్లు తెరవలేదు. ఫోన్ ఇమ్మని చెయ్యి చాపుతున్నారు."