పడని సూది

"మీరు వైశ్యులా?" అని అడిగాడు మత్తు డాక్టరు.

కుసుమకుమారికి ఒళ్ళు మండింది. దిల్‌సుఖ్‌నగర్‌లో అద్దె ఇంటికి తిరిగినప్పుడు కూడా ఇంత మొహమ్మీద ఎవరూ అడగలేదు మరి.

"ఆపరేషన్‌కి కూడా కులం కావాలా అండీ?"

"కోపం తెచ్చుకోకండమ్మా. ఒక మత్తు సూది వాళ్ళలో కొందరికి పడదు. ఆ మందును విరిచే గుణం పుట్టుకతోనే రక్తంలో ఉండదు. ఊపిరి ఆగిపోతుంది."

స్ట్రెచర్ మీద అభిలాష్ కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతున్నాడు. ఇంటర్ చదివే పిల్లాడు. అపెండిక్స్ పగిలేలా ఉందన్నారు.

ఆమె ఒకసారి కొడుకు వంక చూసింది. వాడూ వింటున్నాడు.

"కాదండీ. మేం గుంటూరు వాళ్ళం. మా ఇంటావంటా అలాంటివి లేవు," అంది.

స్ట్రెచర్ లోపలికి పోయింది. వెనకనుంచి ఎవరో ఆమె చెయ్యి పట్టుకున్నారు.

నలిగిన చీర, గోళ్ళ సందుల్లో కారప్పొడి. ఎప్పుడూ చూసిన మొహం కాదు.

"అమ్మా, జర సార్‌ను పిలువుర్రి. గా సూది ఒద్దని చెప్పుర్రి. మా కోమటోళ్ళల్ల కొందరికి పడది. చెయ్యి ఇరిగి ఆపరేషన్‌కు పోయిన మా పెద్దోడు మళ్ళ లేవలే."

"అయ్యో పాపం. కానీ మేం కోమట్లం కాదమ్మా."

"మీరు కారు. గది నాకెరుకే."

కుసుమకుమారి చెయ్యి విడిపించుకుంది.

"ఎవరు నువ్వు?"

"ఎవర్నైతేంది? పిలగాని పానం ముఖ్యం. నేను ఎవ్వరికీ ఏం చెప్ప. మీరే పోయి సారు చెవుల చెప్పుర్రి."

కుసుమకుమారి సెక్యూరిటీని కేకేసింది.

"ఈవిడ నా గొలుసు మీద చెయ్యేసింది!"

అంత మాట ఎలా వచ్చిందో ఆ నోటికి!

సెక్యూరిటీ వాడు రెక్క పట్టి ఈడుస్తుంటే ఆ మనిషి ఆపరేషన్ గది తలుపు వైపే అరిచింది.

"సారూ! గాలి మిషన్ దగ్గర పెట్టుకోర్రి! పిలగానికి ఊపిరి ఆగుతది!"

ఆపరేషన్ అయింది. కుట్లు పడ్డాయి. పిల్లాడికి మాత్రం ఊపిరి ఆడలేదు. దీపాలు పెట్టే వేళదాకా మిషనే వాడికి ఊపిరి పోసింది.

డాక్టరు చెమట తుడుచుకుంటూ బయటికొచ్చాడు.

"గండం గడిచింది. ఆ కేక వినేసరికే సూది వేసేశాం. అయినా ఎందుకైనా మంచిదని పక్క ఆసుపత్రి నుంచి మిషన్ తెప్పించాం. లేకపోతే దక్కేవాడు కాదు. ఎవరమ్మా ఆవిడ? దండం పెట్టాలి."

కుసుమకుమారి గేటు దాకా పరుగెత్తింది.

"గా గొలుసు దొంగనా మేడం? పోలీసోళ్ళకు అప్పజెప్పినం," అన్నాడు సెక్యూరిటీ, మెచ్చుకుంటారేమోనన్నట్టు.

ఆమె రోడ్డు వైపు చూసింది. ఆటోలు ఎన్నో ఉన్నాయి. స్టేషన్‌కి పోతే అక్కడ అన్నీ అడుగుతారు.

మెల్లగా వెనక్కి తిరిగి లోపలికొచ్చింది.

అభిలాష్ కళ్ళు తెరిచాడు.

"అమ్మా, లోపలికెళ్ళేటప్పుడు అండాలు అనే ఆంటీ కనిపించింది. ఎల్‌బీ నగర్‌లో మా కోచింగ్ ఎదురుగా కిరాణా కొట్టు ఆవిడది. రోజూ తిన్నావా అని అడుగుతుంది. ఆపరేషన్ అని పొద్దున నేనే ఫోన్ చేశా. ఏదమ్మా?"

"ఆవిడ దొంగ నాన్నా, ఇంకెప్పుడూ ఆ కొట్టుకి పోకు," అంది కుసుమకుమారి, నల్గొండ దవాఖానలో తలుపు సందులోంచి పొత్తిగుడ్డల్లో వాణ్ణి తన చేతికిచ్చి, మొహమైనా చూపించకుండా వెళ్ళిపోయిన ఆ కన్నతల్లి గురించి.